అద్దం పాలిష్

నా నోరు మంచిది కాదని నన్ను కన్నవాళ్ళ దగ్గర్నుంచి కట్టుకున్నవాడి దాకా అందరూ అన్నారు. నేను ఏనాడూ ఒప్పుకోలేదు. ఉన్న మాట అంటే నోరు మంచిది కాదంటారా అని ఎగిరి మీద పడేదాన్ని. ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. ఒప్పుకున్నందువల్ల ఎవరికీ ఒరిగేదేం లేదు, అయినా జరిగింది చెప్పాలి.

మాకు ఒక టిఫిన్ బండి ఉంది. చిన్న ట్రక్కు మీద స్టీలు బాడీ కట్టించి, ఒక పక్క పైకి లేచే మూత పెట్టించాం. పొద్దున్నే మొయినాబాద్ దాటాక కాలేజీ బస్సులు మలుపు తిరిగేచోట నిలబెడతాం. మామూలు రోజుల్లో ఇడ్లీ, వడ, ఉప్మా. ఆదివారం చేవెళ్ళ వైపు ఫామ్‌హౌసులకు పోయే కార్లవాళ్ళ కోసం జొన్నరొట్టె. పెనం దగ్గర మా ఆయన, చట్నీల దగ్గర నేను. పదకొండు దాటితే మూత దించేసి మా ఊరు ఎంకపల్లి వచ్చేస్తాం.

ఆ బండంటే నాకు పిచ్చి. బాడీ కట్టేటప్పుడు ఎర్ర రంగు వేయించమని, పువ్వులు గీయించమని ఎంతమంది చెప్పారో. నాకు స్టీలే కావాలన్నాను. మా అమ్మ ఇంట్లో గిన్నెలు తోమి బోర్లించాక ఎండలో ఎట్లా ఉండేవో, బండి అట్లా ఉండాలి. రోజూ తిరిగొచ్చాక బకెట్ నీళ్ళతో కడిగి, పాత నూలు చీర ముక్కతో తుడిచేదాన్ని. మా ఆయన నవ్వేవాడు. "నన్నెప్పుడన్న గట్ల తుడిచినవానే?" అనేవాడు.

మా ఇంటి సందులోకి బండి రాదు. అందుకని ఊరి చివర ఒక ప్లాటులో పెట్టుకునేవాళ్ళం. గండిపేట దగ్గర అపార్ట్‌మెంట్లో ఉండే ఒక సాఫ్ట్‌వేర్ సారుది అది. కోస్తా మనిషి, ఎప్పుడో కొని వదిలేశాడు. చుట్టూ ఎత్తైన ప్రహరీ, ఇనుప గేటు, లోపల మూలన ఒక గది. ఆ గదిలో ఒక అవ్వ ఉండేది. ప్లాటుకు కాపలా అంటే ఆమే. గేటు తాళానికి రెండు చెవులు. ఒకటి అవ్వ దగ్గర, ఒకటి మా దగ్గర.

అవ్వకు డెబ్బై దాటి ఉంటాయి. ఎవరూ లేని మనిషి కాదు. షాబాద్‌లో కూతురుంది, రమ్మని పిలుస్తూనే ఉండేది. అవ్వే పోయేది కాదు. "అల్లుని ఇంట్ల బుక్కెడు బువ్వ తిన్నా గొంతు దిగది బిడ్డా. ఈ అర్ర నాది కాకపోయినా నాదే. నా ఇష్టమొచ్చినప్పుడు లేస్త, నా ఇష్టమొచ్చింది ఒండుకుంట. సచ్చినా ఈడనే సస్త" అనేది. ప్లాటులోనే పాలకూర, తోటకూర, గోంగూర వేసి, మధ్యాహ్నం కట్టలు కట్టుకొని ఆటోలో చేవెళ్ళకు పోయి అమ్ముకొని, దీపాలు పెట్టే వేళకు తిరిగొచ్చేది. నేను బండి కడుగుతుంటే వచ్చి మిగిలిన ఉప్మా తిని, చాయ్ తాగి, లోకం సంగతులన్నీ చెప్పేది. నాకు అత్తగారు లేరు. ఉంటే ఇట్లాంటి మనిషి ఉండాలనుకునేదాన్ని. ఆ మాట ఆమెతో ఎన్నడూ అనలేదు.

ఒకరోజు మొయినాబాద్‌లో కూరగాయలకని బండి ఆపి, తిరిగొచ్చేసరికి ఎడమ పక్కంతా ఒకటే గీత. ముందు తలుపు దగ్గర మొదలుపెట్టి వెనక చక్రం దాటేదాకా, తాళంచెవితోనో మేకుతోనో ఎవడో ఊరికే గీసుకుంటూ పోయాడు. ఎవడో ఇప్పటికీ తెలియదు. నడిరోడ్డు మీద నిలబడి మొయినాబాద్‌లో ఉన్న మగాళ్ళందర్నీ వాళ్ళ తాతలతో సహా తిట్టాను. మా ఆయన రెక్క పట్టుకొని బండెక్కించాడు.

ప్లాటుకొచ్చి నేను చేసిన పని చూడండి. గిన్నె మాడితే ఏం చేస్తాం? ఇనుప పీచు, చింతపండు పెట్టి తోముతాం. అదే చేశాను. రెండు గంటలు కూర్చొని, బోగాణి తోమినట్టు గుండ్రంగా తిప్పుతూ తోమాను. గీత పోలేదు. దాని చుట్టూ పొగ పట్టినట్టు మసక తేలింది. నాలుగు రోజుల తర్వాత ఆ మసకలో గోధుమరంగు చుక్కలు లేచాయి. స్టీలుకు తుప్పు! బాడీ కట్టినవాడు మోసం చేశాడని వాణ్ణి పట్టుకొని దులపడానికి బయలుదేరబోతుంటే, మా ఆయన ఆపి, చేవెళ్ళలో హోటళ్ళకు స్టీలు బల్లలు, సింకులు చేసే షెడ్డుకు తీసుకుపోయాడు.

అక్కడ పాలిష్ పట్టే మనిషి వేలితో ఆ చుక్కలు తడిమి చూసి నా మొహంలోకి చూశాడు.

"ఏం పెట్టి తోమినవక్కా?"

"ఇనుప పీచు."

"అగో. ఈ తుప్పు స్టీలుది కాదు, నీ పీచుది. దాని నలుసులు ఈ రేకుల ఇరుక్కొని తుప్పు వట్టినయ్. ఇంకోటి, ఈ రేకు మీద చెక్కకున్నట్టు సన్నగ నార ఉంటది చూడు, పొడుగ్గ పోతది. ఆ నార ఎంబడి ఒక్క దిక్కే రుద్దాలె. నువ్వు సుట్టూ తిప్పినవ్."

ఇప్పుడేం చెయ్యాలన్నాను. మళ్ళీ మొదట్లాగే మసక నార తేల్చవచ్చన్నాడు, లేకపోతే ఈ పక్కంతా అద్దం పాలిష్ కొట్టవచ్చన్నాడు. అద్దం అన్న మాట వినగానే నా కళ్ళు మెరిశాయి. "మొఖం కనవడ్తదా అన్నా?" అన్నాను. "బొట్టు పెట్టుకోవచ్చు. కని పని తెల్సినోనిగ ఒక మాట జెప్తున్న, అద్దం చేస్తే వెంట్రుకంత గీత పడ్డా కొట్టొచ్చినట్టు కనవడ్తది. రోడ్డు మీద తిరిగే బండికి మసకనే మంచిది" అన్నాడు. నేను వింటేగా! అద్దమే కావాలన్నాను.

రెండు రోజులు గుడ్డ చక్రం తిప్పి, పచ్చ సబ్బులాంటి ముద్ద పూసి, ఆ పక్కను అద్దం చేసి ఇచ్చాడు. తెచ్చి ప్లాటులో పెడితే, ప్రహరీ, ఆకుకూర మళ్ళు, అవతల ఆకాశం అన్నీ బండిలో ఉన్నాయి. అవ్వ వచ్చి నిలబడి తన మొహం తనే చాలాసేపు చూసుకుంది. ఆమె గదిలో అద్దం లేదట. "గింత ముసల్దాన్నైననా?" అని పగలబడి నవ్వింది. ఆ తర్వాత రోజూ బండి ముందు రాయి మీద కూర్చొని తల దువ్వుకునేది. నేను మురిసిపోయేదాన్ని.

పది పన్నెండు రోజులు గడిచాయేమో. ఒక పొద్దున సామాను ఎక్కిస్తూ టార్చి వేసి చూస్తే, అద్దం మీద మూడు గీతలు. సన్నగా, పక్కపక్కనే, పైనుంచి కిందికి ఏటవాలుగా. మూడింటి మధ్య ఎడం ఒకేలాగా ఉంది. ఎక్కడో కొమ్మ గీరుకుందని మా ఆయన అన్నాడు. గేటుకు తాళం వేసినట్టే ఉంది. సరే అనుకున్నాం.

మర్నాడు ఇంకో మూడు. ఆ తర్వాత ఒకరోజు వదిలి ఒకేసారి మూడు మూడుగా నాలుగు చోట్ల. అన్నీ ఒకే ఎత్తులో, ఒకే పక్క, ఆ అద్దం చేసిన పక్కే. కుడి పక్క మసక స్టీలు మీద చిన్న గాటు కూడా లేదు. కింద నాపరాళ్ళు పరిచి ఉన్నాయి కాబట్టి అడుగుల జాడ కూడా లేదు. నేను బండి ముందు పీట వేసుకొని గిన్నెలు కడిగేదాన్ని. ఒకరోజు కడుగుతూ తలెత్తి చూశాను. ఆ గీతలన్నీ సరిగ్గా నా మొహం మీదుగా పోతున్నాయి. కన్ను మీద మూడు, దవడ మీద మూడు, గొంతు మీద మూడు. పీట జరుపుకున్నాను. అటు జరిగినా గీతలే. గిన్నెలు అక్కడే వదిలేసి లేచాను.

ఆ రోజు నుంచి నాకు ఆ పక్కకు పోవాలంటే భయం వేసేది. అద్దంలో నా వెనక ఖాళీ ప్లాటు కనిపించేది. వెనక్కి తిరిగితే అదే ఖాళీ ప్లాటు. అయినా తిరిగి తిరిగి చూసేదాన్ని. రెండు సాయంత్రాలు కాపలా కూర్చున్నాను. ఆ రెండు రోజులూ గీత పడలేదు. నేను కాపలా లేని మూడో రోజు పడింది. నేను ఉన్నానో లేదో చూసి వస్తున్నదేదో, నన్ను ఎక్కణ్ణుంచో చూస్తున్నదనిపించింది. అవ్వను అడిగాను. "నాకేం ఎర్క బిడ్డా, నేను పొద్దుగూకినంక వస్తి. ఎవలూ కనవడలే" అంది. ఆమె మాట నమ్మాను. నమ్మానని అప్పుడనుకున్నాను.

అదే వారం మా ఆయనకు జ్వరం పట్టుకుంది. మొదట మామూలుదే అనుకున్నాం. మూడోరోజుకు మనిషి లేవలేకపోయాడు, కళ్ళు లోపలికి పోయాయి, పిలిస్తే పలకడం ఆలస్యమైంది. చేవెళ్ళ దవాఖానలో చేర్చాను. మంచం పక్కన కూర్చొని ఆయన మొహం చూస్తుంటే నాకు గిన్నెలు కడుగుతూ చూసిన నా మొహమే గుర్తొచ్చేది. బండి మాది, గీతలు మా మీద పడుతున్నాయి, మా మనిషి పడిపోయాడు. ఎవరూ చెప్పకుండానే నా బుర్ర అంతా ముడేసేసింది.

మర్నాడు సాయంత్రం ఫ్లాస్కు, గ్లాసుల కోసం ప్లాటుకు వచ్చాను. గేటు తాళం తీసి లోపలికి పోయి చూద్దును కదా, అద్దం మీద నెత్తురు. అరచేయంత మేర, పూసినట్టు, ఇంకా పూర్తిగా ఆరలేదు. దాని చుట్టూ కొత్త గీతలు. మధ్యలో నేను. పరుగెత్తి గేటు బయటికొచ్చేసరికి అవ్వ అప్పుడే ఆటో దిగి, ఖాళీ గంపతో వస్తున్నది. పాలు పోసే మనిషి అక్కడే సైకిల్ ఆపి ఉన్నాడు. నల్లా దగ్గర ఇద్దరు ఆడవాళ్ళు బిందెలు పట్టుకుంటున్నారు. నాకు అవ్వ ఒక్కతే కనిపించింది. ఆమె నడుముకు వేలాడుతున్న తాళంచెవి కనిపించింది.

"ఏం బాణామతి చేస్తున్నవే నా బండి మీద? నా మొగణ్ని మింగుతవానే?" అని అరిచాను.

అవ్వ ఆగిపోయింది. "నేనా బిడ్డా?" అంది. అంతే.

మా వైపు ఆ మాట చిన్నపిల్లలక్కూడా తెలుసు. గిట్టనివాళ్ళు చేస్తారని, ఒంటి మీద గీతలు లేస్తాయని, మనిషి ఎండుకుపోతాడని చెప్పుకుంటారు. ఆ మాట పడ్డవాళ్ళను స్తంభానికి కట్టేసి కొట్టిన ఊళ్ళున్నాయని, మంత్రం పలక్కుండా పళ్ళూడగొట్టిన ఊళ్ళున్నాయని మా నాయనమ్మ చెప్తుంటే దుప్పటి ముసుగేసుకునేదాన్ని. అది ఎంత మాటో నాకు తెలుసు. తెలిసే అన్నాను. నల్లా దగ్గర బిందె నిండి నీళ్ళు పొంగిపోతున్నాయి, ఆ ఇద్దరూ బిందె వంకే చూడటం లేదు.

మూడు రోజులకు మా ఆయన జ్వరం దిగింది. డాక్టరు దోమల జ్వరమన్నాడు, పరీక్ష కాగితం కూడా చేతికిచ్చాడు. ఆయన్ను ఇంటికి తెచ్చుకునేసరికి నేనన్న మాట ఊరంతా తిరిగొచ్చింది. అవ్వ నల్లా దగ్గరికొస్తే ఆడవాళ్ళు పట్టుకున్న నీళ్ళు పారబోసి, బిందె కడిగి మళ్ళీ పట్టుకుంటున్నారు. ఆటోవాళ్ళు ఆమెను చూసి ఆపడం లేదు. గంప నెత్తిన పెట్టుకొని ఎండలో నిలబడి నిలబడి వెనక్కి పోవడం నేనే రెండుసార్లు చూశాను. కిరాణా కొట్టు దగ్గర ఒకతను బీడీ తాగుతూ, చాలా మామూలుగా, "పండ్లు ఊడగొడ్తే గీతలు బందైతయ్" అన్నాడు. పక్కవాళ్ళు నవ్వలేదు. నేను ఉప్పు పాకెట్ తీసుకొని వచ్చేశాను. కాదనాల్సింది నేనే, నోరు తెరవలేదు.

ప్లాటు సారుకు ఎవరు చెప్పారో, ఫోన్ చేశాడు. "ఏంటండీ ఈ గొడవ? రేపు ఆవిడకేమన్నా అయితే కేసు నా మెడకు చుట్టుకుంటుంది. ఇలాంటివి నేను నమ్మనండీ, కానీ ఊళ్ళోవాళ్ళు నమ్ముతున్నారుగా. కూతురింటికి పంపించేద్దాం. గొడవ సద్దుమణిగి ఊరు ఒప్పుకుంటే మళ్ళీ రమ్మనండి, నాకేం అభ్యంతరం లేదు" అన్నాడు. చదువుకున్నవాడు, ఎంత నెమ్మదిగా మాట్లాడాడో.

షాబాద్ నుంచి కూతురు ట్రాలీ ఆటో తీసుకొని వచ్చింది. ఒక ట్రంకు పెట్టె, రెండు మూటలు, పొయ్యి. ఆమె సామాను ఎక్కిస్తుంటే అవ్వ ఒక్కతే మా ఇంటికి నడిచొచ్చింది. నేను గుమ్మంలోనే నిలబడ్డాను, లోపలికి రమ్మనలేదు. నడుముకున్న తాళంచెవి విప్పి గడప మీద పెట్టింది.

"రెండు నీ తాననే ఉంచుకో బిడ్డా. మల్ల గీత పడితే నా పేరు రాకుండ ఉంటది" అంది. కోపంగా అనలేదు. కోపంగా అంటే నేను తిరగబడి నాలుగు అనేదాన్ని, నాకు సులువుగా ఉండేది.

ఆమె పోయిన మర్నాడు పొద్దున, రెండు తాళంచెవులూ నా కొంగు ముడిలో ఉండగా, అద్దం మీద కొత్తగా మూడు గీతలు.

ఓరి దేవుడా! ఆ పొద్దు నేను పడ్డ భయం పగవాళ్ళకు కూడా వద్దు. గేటు తీసింది నేను, వేసింది నేను, ఆ ప్లాటులో అడుగు పెట్టిన మనిషిని నేనొక్కదాన్నే. నా గోళ్ళు చూసుకున్నాను. నిజంగా చూసుకున్నాను, టార్చి వెలుతురులో పది వేళ్ళూ చాపి. నేనే తెలియకుండా వచ్చి గీస్తున్నానా? మా ఆయన ఇంకా నీరసంగా ఉన్నాడు, మరో వారం బండి తీసేది లేదు. ఆయనకు చెప్పలేదు. చీర ముక్కతో తుడిచాను. గీత తుడిస్తే పోతుందా?

ఆ రోజు నల్లా దగ్గర ఒకామె అడిగింది. "ముసల్ది పోయింది గద, బందైనయా?"

"ఆ, బందైనయ్" అన్నాను.

ఎందుకన్నానో సాకులు చెప్పను. బంద్ కాలేదంటే, మరి ఆ ముసలామెను ఎందుకు వెళ్ళగొట్టించినవని అడుగుతారు. అడిగితే నా దగ్గర జవాబు లేదు. అందుకే అన్నాను. తర్వాత మూడు రోజులూ గీతలు పడ్డాయి, మూడు రోజులూ అడిగినవాళ్ళందరికీ అదే చెప్పాను. మొత్తం నాలుగు రోజులు.

ఐదో రోజు సాయంత్రం నాలుగున్నర ప్రాంతంలో, అవ్వ వదిలేసి పోయిన ఆకుకూర మళ్ళకు నీళ్ళు పెడదామని పోయాను. గేటు దగ్గరికి రాగానే లోపల్నుంచి చప్పుడు. ఎవరో రేకు మీద గోళ్ళతో కొడుతున్నట్టు, టపటప, ఆగి మళ్ళీ టపటప. తాళం తియ్యలేదు. గేటు రెండు రేకుల మధ్య సందులోకి కన్ను పెట్టాను.

నెమలి. మగ నెమలి, తోక నేల మీద ఈడ్చుకుంటూ, మెడ రిక్కించి బండి వైపు చూస్తున్నది. బండిలోంచి ఇంకొక నెమలి దాన్ని చూస్తున్నది. పడమటి ఎండ నేరుగా ఆ పక్కనే పడుతోంది. ఇది ఒక అడుగు వేస్తే అదీ ఒక అడుగు వేస్తున్నది. ఇది తల వంచితే అదీ వంచుతున్నది. ఉన్నట్టుండి ఎగిరి రెండు కాళ్ళతో దాని రొమ్ము మీద తన్నింది. జారి కింద పడి, లేచి, మళ్ళీ తన్నింది. ముక్కుతో పొడిచింది. ముక్కు పక్కన ఎండిన నెత్తురు మరక. అది కూయలేదు, అరవలేదు. ఖాళీ ప్లాటులో, లేని పక్షిని చంపడానికి అంత పట్టుదలగా పోట్లాడుతుంటే నాకు గీతలు చూసినప్పటికంటే ఎక్కువ భయమేసింది. ఎంతసేపైనా ఆ రెండోది వెనక్కి తగ్గదు కదా. ఫోన్ తీసి ఆ సందులోంచే వీడియో తీశాను. ఆ తర్వాత గేటుకు ఆనుకొని కూలబడి ఏడ్చాను.

ఈ చుట్టుపక్కల నెమళ్ళు కొత్తేం కాదు. ఎంత ఎత్తు ప్రహరీ అయినా ఎగిరి దాటుతాయి. పొలాల మీద పడి పల్లీలు తవ్వుతున్నాయని రైతులు తిట్టుకుంటూనే ఉంటారు. బండి మసకగా ఉన్నన్నాళ్ళూ దాని వైపు చూసినవి లేవు. నేను అద్దం చేయించాను.

మర్నాడు షెడ్డుకు పోయి వీడియో చూపిస్తే, పాలిష్ పట్టే అన్న తల కొట్టుకున్నాడు. "గోరుతోటి స్టీలు గీరుకపోదక్కా. దాని కాళ్ళకు గరుకు మొరం మట్టి అంటుకొని ఉంటది, ఆ మొరం గీస్తది. మూడు వేళ్ళు, మూడు గీతలు. నేను మసకనే మంచిదంటి" అని ఇనుము లేని ఒక ఎర్ర నార బిళ్ళ చేతిలో పెట్టి, ఎట్లా రుద్దాలో చూపించాడు. ఒక్క దిక్కే, పొడుగ్గా, మధ్యలో ఆపకుండా. ప్లాటుకు పోయి నేనే రుద్దాను. సాయంత్రం మొదలుపెట్టి, మర్నాడు మధ్యాహ్నం దాకా. జబ్బలు పడిపోయాయి. ముందు ఆకాశం పోయింది, తర్వాత ప్రహరీ పోయింది, చివరకు నా మొహం మసకబారి, నీడలాగా మిగిలింది. ఆ తర్వాత ఒక్క గీత పడలేదు.

వీడియో పట్టుకొని షాబాద్ పోయాను. కూతురి ఇంటి వసారాలో, ఎరువు బస్తాల పక్కన నవారు మంచం మీద కూర్చొని ఉంది అవ్వ. మనిషి సగమైంది. నన్ను చూసి లేవబోయింది. "కూసో అవ్వా" అని పక్కన కూర్చొని ఫోన్ చూపించాను. కళ్ళు చికిలించి చూసింది.

"ఓయమ్మో, ఎట్ల దంతున్నది చూడు! నెత్తురొచ్చినా ఇడుస్తలేదు, దీని పాడుగాను!" అని నోరారా నవ్వింది. నేనూ నవ్వాను. తేలికైపోయిందనుకున్నాను. ఆమె కాళ్ళు పట్టుకొని, "తప్పైంది అవ్వా, నువ్వు చెయ్యలేదు, నెమలి చేసింది" అన్నాను.

అవ్వ నవ్వు ఆపింది. ఫోన్ నా చేతిలో పెట్టేసింది.

"నాకెందుకు చూపెడ్తున్నవ్ బిడ్డా? నేను చెయ్యలేదని నాకెర్క లేదా? గా ఊరోళ్ళకు చూపెట్టు. చూపెట్టినంక చెప్పు, సామాన్ సదురుకుంట."

వీడియో తీసి అప్పటికి మూడు రోజులు. ఊళ్ళో ఒక్కరికీ చూపించలేదు నేను. ముందు ఆమె దగ్గర మాఫీ తెచ్చుకుంటే ఆ పని తప్పించుకోవచ్చని నా లోపల ఉన్నదేమో. ఆమెకది తెలిసిందో లేదో నాకు తెలియదు. తలెత్తి ఆమె మొహం చూడలేకపోయాను.

ఆ సాయంత్రమే కిరాణా కొట్టు దగ్గరికి పోయాను. ఏడెనిమిది మంది ఉన్నారు. ఫోన్ చేతులు మారింది. నెమలి ఎగిరి తన్నినప్పుడల్లా నవ్వారు. ఇంకోసారి పెట్టమన్నారు. నేను గొంతు పెంచి, అద్దం పాలిష్ సంగతి, మొరం సంగతి, నెత్తురు సంగతి, దవాఖానలో ఇచ్చిన కాగితం సంగతి అన్నీ చెప్పాను. అందరూ వింటున్నట్టే ఉన్నారు. బీడీ తాగే అతను ఫోన్ నాకు తిరిగిచ్చాడు.

"బాగనే ఉన్నది. మరి ముసల్ది పోయినంకనే బందైనయ్ గదక్కా?"

"కాలే! ఆమె పోయినంక గూడ నాల్గు దినాలు పడ్డయ్."

"బందైనయని నల్లా కాడ నువ్వే అంటివంట?"

"అబద్ధం చెప్పిన."

"అప్పుడు చెప్పింది అబద్ధమా, ఇప్పుడు చెప్పేది అబద్ధమా?" అన్నాడు. వెక్కిరింతగా కాదు, నిజంగానే తెలుసుకుందామన్నట్టు అడిగాడు.

నేను ఒట్టు వేశాను. నా పుస్తెలు పట్టుకొని ఒట్టు వేశాను. అప్పుడు నల్లా దగ్గర ఆ రోజు ఉన్న ఆడమనిషి, మా బండి దగ్గర పిల్లలకు ఇడ్లీ కట్టించుకొని పోయే మనిషే, బియ్యం సంచి చంకనేసుకుంటూ అన్నది.

"నెమలే గీకిందనుకో. ఇన్నేండ్ల సంది నెమళ్ళున్నయ్, ఎవల బండి మీద పడ్డయ్? గీ బండి మీదికి దాన్ని ఎవలు పంపిన్రు మరి?"

ఎవరూ నవ్వలేదు. ఒకరిద్దరు తలలూపారు. నేను మళ్ళీ మొదట్నుంచి చెప్పబోయాను. అద్దం, ఎండ, నీడ. చెప్తుంటే నా మాటలు నాకే కట్టుకథలాగా వినిపించాయి. నేను గేటు ముందు నిలబడి అన్న మాటకు ఒక్క క్షణం పట్టింది, ఏ సాక్ష్యమూ అడగకుండా అందరూ నమ్మారు. ఇప్పుడు వీడియో ఉంది, కాగితం ఉంది, ఒట్టు ఉంది. ఒక్కొక్కరే సామాను తీసుకొని వెళ్ళిపోయారు.

ఇంటికొచ్చేసరికి ఫోన్ మోగింది. కూతురి నంబరు, అవ్వ గొంతు.

"నేనే బిడ్డా. చూపెట్టినవా?"

"చూపెట్టిన అవ్వా."

"ఏమన్నరు? రేపు రావాల్నా, ఎల్లుండి రావాల్నా?"

వెనక ఏదో గిన్నె చప్పుడు, కూతురు మెల్లగా ఏదో అంటోంది. అవ్వ ఆమెను ఊరుకోమంది, నా జవాబు వినడానికి. నన్ను ఊళ్ళోవాళ్ళ దగ్గరికి పంపింది ఈమె, వాళ్ళు ఏమన్నారో చెప్పాల్సింది నేను. ఎవరూ ఆపలేని నా నోటికి ఒక్క మాట దొరకలేదు.

"జర ఆగు అవ్వా" అన్నాను.

"ఆగుత తియ్యి" అంది.

అది వానాకాలం. ఇప్పుడు ఎండలు ముదిరాయి. మొదట్లో వారానికోసారి ఫోన్ చేసేది, ఈ మధ్య చెయ్యడం లేదు.